అనసూర్య ఎవరి మనిషి

శ్మశానం ఖాళీ చెయ్యాలన్న నోటీసు పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించిన రోజు ఎజ్రా దాన్ని రెండుసార్లు చదివాడు. మిగతా వాళ్లు తారీఖు చూసుకుని వెళ్లిపోయారు. ఆయన మాత్రం సర్వే నంబర్ల దగ్గర ఆగిపోయాడు. ముప్పై ఆరేళ్లు గనుల్లో సర్వేయరుగా పనిచేసిన మనిషి. ఆ నంబర్ల కింద ఎంత లోతున బొగ్గు పొర ఉందో, అది ఎటు వాలుతుందో కాగితం చూడకుండా చెప్పగలడు. ఆ పొరను కొలిచి పటం మీద గీత గీసింది ఆయనే. పన్నెండేళ్ల కింద భార్య అనసూర్యను ఆ శ్మశానం తూర్పు మూలన పాతిపెట్టిన రోజు కూడా ఆ గీత ఆయన కళ్లలో మెదిలింది. అంత లోతు బొగ్గు కోసం ఊరు ఊరంతా ఎవరు తవ్వుతారులే అనుకున్నాడు. ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గని, పైనుంచి మట్టి తవ్వుకుంటూ, ఊరి పొలిమేర దాకా వచ్చింది.

నోటీసులో కటువు మాటలేమీ లేవు. రెండు నెలల గడువు ఇచ్చారు. కొత్త స్థలం, బండి, తవ్వే మనుషులు అన్నీ సమకూరుస్తామన్నారు. కొత్త స్థలంలో హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు వేరువేరు వరసలు. ఏ వరస కావాలో ఇంటివాళ్లు రాసి ఇవ్వాలి.

ఎజ్రా యూదుడు. గోదావరిఖని చుట్టుపక్కల ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లే తక్కువ. గుంటూరు దగ్గర ఒక పల్లెలో, తాము యూదులమని తాతల కాలం నుంచి ఇంట్లో చెప్పుకుంటూ వచ్చిన కొద్ది కుటుంబాల్లో వాళ్లదొకటి. తండ్రి బడిపంతులు. హీబ్రూ అక్షరాలు ఆయనే నేర్పాడు. ఎజ్రా డిప్లొమా చదివి ఇరవై నాలుగేళ్ల వయసులో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాడు. మతం అన్న గడిలో ఒక కాగితం మీద హిందువనీ ఇంకో కాగితం మీద క్రైస్తవుడనీ గుమాస్తాలు తమకు తోచినట్టు రాశారు. ఆయన దిద్దమని అడగలేదు. తమవాళ్లు పని చెయ్యకూడని శనివారాలు కూడా డ్యూటీ చేశాడు. భూమి లోపల పదేళ్లు తిరిగేసరికి దేవుడి సంగతి సందేహంలో పడింది. చదువు మాత్రం వదల్లేదు. శనివారం షిఫ్టు దిగి, స్నానం చేసి, తండ్రి ఇచ్చిన గ్రంథం ముందు కూర్చునేవాడు. నాలుగు వాక్యాలు చదివి, ఈ మాట ఇక్కడే ఎందుకుంది అని తనను తాను అడిగేవాడు. తమవాళ్లలో చదవడమంటే తలూపడం కాదని, అడ్డం తిరిగి వాదించడమని తండ్రి చెప్పాడు. వాదించడానికి ఎదుట మనిషి లేకపోవడమే ఆయనకు కొరత.

అనసూర్య ఆయన పనిచేసే సర్వే ఆఫీసు ఊడ్చడానికి వచ్చింది. బొగ్గు నింపే పనిచేసిన తండ్రి జబ్బుతో పోతే ఇంటికి పెద్దదని ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. ఐదో తరగతి దాకా చదివింది. ఒకరోజు బల్ల తుడుస్తూ ఆయన నోటుబుక్కు చూసి ఆగింది.

“సారూ, గిది ఉర్దూనా?”

“కాదు, హీబ్రూ.”

“మరి గట్లనే ఉల్టా రాస్తున్నవ్?”

ఎజ్రా నవ్వాడు. కుడి నుంచి ఎడమకు రాసే భాషలు ఇంకా ఉన్నాయని చెప్పి, మొదటి అక్షరం రాసి చూపించాడు. మర్నాడు ఆమె ఆ అక్షరాన్ని పాత రిజిస్టరు అట్ట మీద తప్పు లేకుండా రాసి తెచ్చింది. ఏడాది తిరిగేసరికి మెల్లగా కూడబలుక్కుని చదివేది. ఆ తర్వాతి ఏడాది ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆమె తల్లి చాలాకాలం కూతురి గడప తొక్కలేదు. తమ్ముడు సదయ్య మాత్రం అప్పుడప్పుడూ వచ్చి, గోడకానుకుని కూర్చుని, వీళ్లిద్దరి వాదన విని, ఏమీ అర్థం కాక టీ తాగి వెళ్లేవాడు.

అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అవి మామూలు వాదనలు కావు. ఒక శనివారం ఎజ్రా ఆమెకు పాత కథ ఒకటి చదివి వినిపించాడు. ఎడారిలో నాయకుడి మీద తిరగబడ్డ మనుషులను భూమి నోరు తెరిచి ఇళ్లతో సహా మింగేస్తుంది. అనసూర్య చేతిలో చేట పక్కన పెట్టింది.

“భూమికెట్ల తెలిసింది ఎవలు తిరగబడ్డరో?”

“దేవుడు చెప్పాడు కాబట్టి తెలిసింది.”

“మా నాయిన ముప్పై ఏండ్లు దినాం భూమి నోట్లకు పొయ్యొచ్చిండు. ఎవల మీద తిరగబడ్డడు గాయిన? సరే ఇడ్సిపెట్టు. ఇండ్లల్ల ఉన్న పిల్లగాండ్లేం జేసిండ్రు?”

ఎజ్రా దగ్గర దానికి జవాబుంది. చాలా పుటల తర్వాత, తిరుగుబాటుకు ముందు నిలిచినవాడి కొడుకులు చావలేదని ఒక చిన్న మాట ఉంటుంది. గబగబా తిప్పి చూపించాడు. గెలిచాననుకున్నాడు.

“కొడుకులు బతికిండ్రు, మంచిదే. మరి ఆడోళ్లో? రాయలేదా? రాసెటోడు మర్సిపోయిండా?”

ఎజ్రా మూడు వారాలు వెతికాడు. తండ్రికి ఉత్తరం కూడా రాశాడు. నాలుగో శనివారం దొరకలేదని ఒప్పుకున్నాడు. అంతకన్నా మంచి ప్రశ్న తన జీవితంలో ఎవరూ అడగలేదని తండ్రి జవాబు రాశాడు. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే అనసూర్య రోజంతా ఏ పని చేస్తున్నా నవ్వు ఆపుకోలేకపోయింది.

అట్లా ఇరవై ఏడేళ్లు నడిచింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు శోభకు ఈ చదువంటే విసుగు. ఏం చెప్పినా తండ్రి ఒప్పుకోడు, ఎందుకు అంటాడు, తల్లి ఇంకోటి తగిలిస్తుంది. శనివారమైతే పుస్తకాలు పట్టుకుని స్నేహితురాలి ఇంటికి పోయేది. ఆమె లెక్కలు చదివి నస్పూర్‌లో బడి టీచరయింది. దేవుడు, మతం అనే మాటలు తన ఇంట్లోకి రానియ్యలేదు.

కానీ పదో తరగతిలో ఉండగా విన్న ఒక మాట శోభకు గుర్తుండిపోయింది. ఆరోజు అనసూర్య పుస్తకం మూసి భర్తను అడిగింది. “ఇన్నేండ్ల సంది చదువుతున్న గదా. నేను మీ దాంట్ల ఉన్ననా, లేనా?”

“చదువుతున్నావు కదా. అది చాలదా?” అన్నాడు ఎజ్రా.

ఆ ఒక్కసారి అనసూర్య ఎదురు ప్రశ్న వెయ్యలేదు. లేచి వంటింట్లోకి పోయింది.

బయట పుట్టిన మనిషిని తమలో చేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పెద్దలు కూర్చుని ప్రశ్నలడిగి, నీళ్లలో ముంచి, సాక్షుల ముందు చేర్చుకుంటారు. ఎజ్రా ఆ సంగతి సొంత ఊళ్లో తమ పెద్దల ముందు ఎత్తలేదు. వాళ్లు కాదంటే ఏం చెయ్యాలో తెలియక ఎత్తలేదు. ఈలోగా అనసూర్యకు కడుపులో గడ్డ తేలింది. ఆర్నెల్లు దవాఖానకూ ఇంటికీ తిరిగి, ఒక ఎండాకాలం ఆమె పోయింది. ఎజ్రా తమ పద్ధతిలో తెల్ల గుడ్డ చుట్టి పాతిపెట్టాడు.

నోటీసు సంగతి తెలిసి శోభ ఆదివారం వచ్చింది. తండ్రి అప్పటికే నిర్ణయం చేసుకుని ఉన్నాడు.

“మా ఊరికి తీసుకుపోతా. మా నాన్న పక్కన పెడతా.”

“మీ దాంట్ల బొక్కలు కదిలించొద్దంటరు గదా బాపూ?”

“ఎముకలు ఊరికే కదిలించకూడదు. సొంతవాళ్ల మట్టిలోకి తీసుకుపోవడానికైతే కదిలించొచ్చు.”

“సొంతోళ్లంటే ఎవరు?”

ఎజ్రా ఊళ్లో ఉన్న తమ్ముడు మనష్షేకు ఫోన్ కలిపాడు. చెవి సరిగా వినబడదు కాబట్టి స్పీకరు పెట్టాడు. సంగతి విని మనష్షే ఒక రోజు గడువడిగాడు. శోభ బడికి సెలవు పెట్టి ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే అతనే చేశాడు.

“అన్నయ్యా, వదిన మంచి మనిషి కాదని ఎవరంటారు? ఆవిడ చేతి అన్నం తిన్నవాణ్ణి నేను. కానీ ఇక్కడ సంగతి నీకు తెలుసుగా. బయటి దేశాల యూదులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి మమ్మల్నే అడుగుతున్నారు, మీరు నిజంగా యూదులేనా, రుజువేంటి అని. మా సమాధులు కూడా చూసి రాసుకుపోతున్నారు. రాత్రి పెద్దలందరూ కూర్చున్నారు. ఆవిణ్ణి ఎప్పుడు చేర్చుకున్నాం, సాక్షులెవరు అన్నారు. నా దగ్గర మాట లేదు. నీ దగ్గరుందా?”

“లేదు,” అన్నాడు ఎజ్రా.

“నాన్న బతికున్నప్పుడు ఒక్క మాట అడిగుంటే ఆయనే దగ్గరుండి చేయించేవాడు గదా. ఆవిడ ప్రశ్నలు రాసుకున్న కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. మమ్మల్నందర్నీ అడిగేవాడు, మీలో ఒక్కడికన్నా ఇట్లాంటిది తట్టిందా అని.”

ఎజ్రా ఫోన్ పెట్టేశాడు. “నాన్న చేయించేవాడట,” అన్నాడు కూతురితో.

శోభకు తండ్రి మీద జాలి కన్నా ముందు కోపం వచ్చింది. “అమ్మ అడిగింది. నేను పక్క అర్రల ఉండి విన్న. అన్నింటికీ ఎందుకు, ఎట్ల అని అడిగెటోనివి. ఆ ఒక్కటి ఎందుకు అడగలే? నువ్వు తప్పించుకున్నవ్ బాపూ.”

“అవును,” అన్నాడాయన.

సదయ్య బుధవారం వచ్చాడు. బొగ్గు పనిలో రిటైరై, ఊపిరి సరిగా ఆడక, నాలుగడుగులు వేసి ఆగి మళ్లీ నడిచే మనిషి. వచ్చి పీట మీద కూర్చుని, శోభ ఇచ్చిన నీళ్లు తాగి, నేరుగా సంగతికొచ్చాడు.

“బావా, మా అక్కను మాకియ్యి. గోదారి గంగల కలుపుతం. మా నాయినను, అవ్వను కలిపిన కాణ్నే. బతికినన్ని దినాలు నీ పద్ధతి మీదనే ఉన్నది, మేమేమనలే. ఇప్పుడు కొత్త జాగల, ఎవలూ లేని కాడ, ఒక్కదాన్ని పెడ్తవా?”

“అనసూర్య అట్లా కోరుకోలేదు సదయ్యా. నన్ను పాతిపెట్టు అనే చెప్పింది నాతో.”

సదయ్య తలవంచుకున్నాడు.

“నీతోటి గట్లనే అన్నది. నాతోటి ఏమన్నదో చెప్పాల్నా? పోయే ముందు వారం, దవాఖానల. నువ్వు మందులకు పోయినవ్. ‘తమ్మీ, నేను ఆళ్లల్ల ఉన్ననో లేనో నాకు తెల్వది. అడిగితే మీ బావ చెప్పలే. మనోళ్లల్ల ఉన్ననంటే గదీ కాదాయె. గాని నన్ను కాలవెడ్తే ఆయన ఆగమైతడు. ఆయనకు మనసున పట్టిన కాడ పెట్టనియ్యి, నువ్వు అడ్డం రాకు’ అన్నది. అందుకే గప్పుడు నోరు మూసుకున్న. లేకుంటే గప్పుడే అడుగుదును.”

ఎజ్రా గోడకు ఆనుకున్నాడు. ఏడవలేదు. ఆయన పెదాలు మాత్రం, లోపల ఏదో చదువుకుంటున్నట్టు కదిలాయి. సదయ్య భయపడి, “ఊకో బావా, నేను ఊకె అన్న,” అని చెయ్యి పట్టుకున్నాడు.

ఆ వారం ఎజ్రా గ్రంథం తెరవలేదు. శనివారం కూడా తెరవలేదు. ఆదివారం శోభ వస్తే కూర్చోబెట్టి చెప్పాడు.

“సదయ్యకిచ్చేస్తాను.”

శోభ నమ్మలేకపోయింది. పాతిపెట్టిన మనిషిని నీళ్లలో కలపడం తండ్రి చదువులో ఎక్కడా లేదని ఆమెకు తెలుసు. అప్పటిదాకా ఆమె అదే కోరుకుందేమో కూడా. కానీ ఆయన నోట వినేసరికి ఒప్పుకోబుద్ధి కాలేదు.

“ఇరవై ఏడేండ్లు చదివింది. తాతే రాసిండు, గసొంటి ప్రశ్న ఎవరూ అడగలేదని. ఆమె మీ మనిషి గాకపోతే ఇంకెవరు? నీళ్లల్ల ముంచకుంటే ఏమాయె?”

“బాగా చెప్పావు,” అన్నాడు ఎజ్రా. ఆయన కళ్లలో క్షణం పాటు పాత వెలుగు కనిపించింది. “ఈ మాట నేను పెద్దల ముందు నిలబడి చెప్పాల్సింది. మీ అమ్మ వింటుండగా చెప్పాల్సింది. కాదంటే కొట్లాడాల్సింది. ఇప్పుడు చెబితే, నా సమాధి నాకు ఉంచండని నా కోసం చెప్పినట్టుంటుంది. ఆమె బతికుండగా అడగని వాణ్ణి, ఇప్పుడు ఆమె మావాళ్ల మనిషి అని పట్టుకుంటానా? న్యాయం కాదమ్మా. తమ్ముడు అడుగుతున్నాడు. నావాళ్లు అడగట్లేదు.”

“అమ్మ ఏమనేది?”

“అదే నాకు తెలియట్లేదు,” అన్నాడు ఎజ్రా. అప్పుడు ఏడ్చాడు.

బుధవారం పొద్దున తొమ్మిది గంటలకు శ్మశానానికి వెళ్లారు. చుట్టూ చాలా చోట్ల ఇప్పటికే తవ్వి గుంటలు వదిలేశారు. సమాధి గుర్తుగా మూలన పెట్టిన రాయి దుమ్ములో కూరుకుపోయి కనబడలేదు. ఎజ్రా టేపు తెప్పించి ప్రహరీ మూల నుంచి అటు పద్దెనిమిది అడుగులు, ఇటు పదకొండు అడుగులు కొలిచి, చెప్పుతో గీత గీశాడు. తవ్వడానికి వచ్చిన బిక్షం ఆ గీత మీద పలుగు వేశాడు. ఒక చేతి వెడల్పు కూడా తప్పలేదు.

“నువ్వు బండి దగ్గర నిలబడు,” అన్నాడు ఎజ్రా కూతురితో. “తల్లిదండ్రుల ఎముకలు బిడ్డలు ఏరకూడదు. మాకట్లా ఉంది.”

అమ్మ మీవాళ్లలో లేనప్పుడు ఆ మాట నాకెట్ల వర్తిస్తుంది అని అడగాలనిపించింది శోభకు. అడగకుండా వెళ్లి బండి పక్కన, వీపు ఇటు పెట్టి నిలబడింది. వెనక పలుగు ఆగి, పార మొదలై, తర్వాత పార కూడా ఆగింది. బిక్షం చేతులతో తీస్తున్నాడని తెలిసింది. సదయ్య దగ్గు వినబడింది. “పైలం బిడ్డా, పైలం,” అంటున్నాడు బిక్షంతో.

పన్నెండేళ్లకు మిగిలింది ఒక కొత్త కుండలో పట్టింది. గుడ్డ ఎక్కడా లేదు. సదయ్య పసుపు చల్లి, కుండ మూతి తెల్లబట్టతో కట్టాడు. ఎజ్రా వద్దని అనలేదు. గోదావరి దాకా కుండ ఆయన ఒడిలోనే ఉంది. దారి పొడుగునా బొగ్గు లారీలు ఎదురొచ్చాయి. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా రెండు చేతులూ కుండ చుట్టూ బిగించాడు.

రేవులో నీళ్లు మోకాళ్ల లోతే ఉన్నాయి. సదయ్య ముందు దిగి, కొంచెం లోతు చూసి పిలిచాడు. “రా బావా. నీ చేత్తోనే ఇడువు.”

“నువ్వే చెయ్యి. నీ అక్క.”

“నీ పెండ్లాం గాదా?”

ఎజ్రా ప్యాంటు తడుస్తున్నా చూసుకోకుండా దిగాడు. ఇద్దరూ కలిసి కుండ వంచారు. నీళ్లు కదలకుండా ఉండటంతో ఎముకలు దూరం పోలేదు. కాళ్ల దగ్గరే అడుగున కనిపించాయి. సదయ్య గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు. అడిగింది తనే అయినా, ఇచ్చాక తట్టుకోలేకపోయాడు. ఎజ్రా ఆ ఎముకల్ని చూస్తూ నిలబడిపోయాడు. శోభ నీళ్లలోకి దిగి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేదాకా కదల్లేదు.

ఇంటికొచ్చాక ఆయన చొక్కా అంచు కొద్దిగా చించుకుని నేల మీద కూర్చున్నాడు. ఎముకలు ఏరిన రోజు సాయంత్రం దాకా దుఃఖం పాటించాలని, పొద్దు గుంకితే అయిపోయినట్టేనని సదయ్యతో చెప్పాడు. సదయ్య కూడా వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు. థర్మల్ కేంద్రం పొగగొట్టాల వెనక పొద్దు పోయాక సదయ్య, “అయిపోయిందా బావా?” అని అడిగాడు.

“అయిపోయినట్టే,” అన్నాడు ఎజ్రా. కానీ లేవలేదు.

వానాకాలం మొదలయ్యేసరికి శ్మశానం ఉన్న చోటు గొయ్యిలో కలిసిపోయింది. శోభ ప్రతి శనివారం బడి వదిలాక నస్పూర్ నుంచి వస్తోంది. తండ్రి అడగలేదు, తనే వస్తోంది. మొదటి వారం వచ్చినప్పుడు గ్రంథం మీద దుమ్ము చూసి, తుడిచి ఆయన ముందు పెట్టింది. హీబ్రూ రాదు కాబట్టి ఆయన తెలుగులో చెబుతుంటే వింటుంది. పాఠం చెప్పే మనిషిగా ప్రశ్నలు ముందే ఆలోచించుకుని వస్తుంది.

మొన్న శనివారం వలస పోతున్న ఒక కుటుంబం కథ వచ్చింది. శోభ కావాలనే తప్పు అర్థం చెప్పింది. చిన్నప్పుడైతే ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే తండ్రి పట్టుకునేవాడు. ఎక్కడుంది, ఎవరన్నారు, చూపించు అనేవాడు.

ఎజ్రా అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“అవునమ్మా,” అన్నాడు. “అట్లాగే అయి ఉంటుంది.”

శోభ పుస్తకం వైపు వంగి, ఏదో వెతుకుతున్నట్టు పుటలు తిప్పింది. ఆ తర్వాతి వాక్యం చదవమని ఆయన్ను అడిగింది. ఆయన చదివాడు.